మాట మానేసిన పిల్ల, నోరు మూయని నేను

పట్నంలో పిల్లల మనసుల గురించి చదువుకుంటున్న ఒక అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చి, నోటుబుక్కు తెరిచి, "ఆ రోజుల్లో మీరు ఏ పద్ధతి అనుసరించేవారండీ?" అని అడిగింది. పాపం, పెన్సిలు చెక్కి మరీ తెచ్చుకుంది. పద్ధతీ లేదు పాడూ లేదంటే నొచ్చుకుంటుందేమోనని ఏదో గంభీరంగా చెప్పి పంపించాను. తర్వాత మనసొప్పలేదు. అందుకే నిజం ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయిలాంటి వాళ్ళు ఇంకెవరైనా ఉంటే చదువుకోండి. నేను గెలిచిన కేసులు కూడా ఉన్నాయి. వాటిని నేను అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూనే ఉంటాను. ఇది మాత్రం నేను అడుగడుగునా ఓడిపోగా, నన్ను పక్కకు తోసి దానంతట అదే గట్టెక్కిన కేసు.

బోధన్‌లో చక్కెర కర్మాగారం గోడలు లేస్తున్న రోజులవి. కాలువ నీళ్ళు వచ్చాక ఎటు చూసినా చెరుకే. నిజామాబాదులో మా దవాఖాన చిన్నది. డాక్టరమ్మది మలబారు వైపు. పది మాటలు పట్టే సంగతిని రెండు మాటల్లో తేల్చే మనిషి. నేను రెండు మాటల సంగతిని నలభైకి సాగదీస్తాను. ఆమె నన్ను ఎందుకు పనిలో పెట్టుకుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. "కొందరు పిల్లలకు ఒంట్లో ఏమీ ఉండదు. నువ్వు చూడు" అంది. అదే నా నియామకం, అదే నా శిక్షణ. మద్రాసులో నేను చదివిన బి.ఏ.లో మనస్తత్వ శాస్త్రం ఒక పేపరు. ఆ పుస్తకం ట్రంకుపెట్టె అడుగున ఉండేది. సరంజామా అంతే.

దవాఖాన మున్షీకి నా పేరు పక్కన ఏ పని అని రాయాలో తెలియలేదు. "ఈమె ఏం చేస్తుంది?" అని డాక్టరమ్మను అడిగాడు. "మాట్లాడుతుంది" అంది ఆమె. అతను కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించి, చివరికి ఉర్దూలో 'ఉస్తానీ', అంటే పంతులమ్మ, అని రాసుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు అంత కష్టపడలేదు. ముచ్చట్లమ్మ అని పెట్టేశారు. మా కాంపౌండర్ సాబ్, మెహందీ పెట్టిన పొడుగాటి గడ్డం ఆయనది, నా మొదటి రోజునే మందుల కిటికీలోంచి తల బయటపెట్టి అన్నాడు:

"ముచ్చట పెట్టెతందుకు గూడ నౌకరీ ఇస్తరని ముందుగాల్ల తెలిస్తే, మా బేగంను ఎప్పుడో షరీక్ చేపిస్తుంటి గద అమ్మా!"

నా గది కట్టుగుడ్డల కొట్టు పక్కన. ఒక చాప, ఒక పలక, ఒక గంపెడు బంకమన్ను. పిల్లను చాప మీద కూర్చోబెట్టి మన్ను చేతికిచ్చి ఊరుకోవాలి. వాళ్ళ చేతులు ఏం చేస్తాయో చూడాలి. ఆ 'ఊరుకోవాలి' అన్న చోటే నాకు ఎప్పుడూ ఇబ్బంది.

ఆ చలికాలం, పున్నమి వెళ్ళిన మర్నాడు, బోధన్ దగ్గరి పల్లె నుంచి ఒక బండి వచ్చింది. అందులో తొమ్మిదేళ్ళ పిల్ల, దాని బాపు, బాపు తల్లి. ఆ ముసలామెను ఇంటిల్లిపాదీ ముసలవ్వ అనేవారు. మా వైపు బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ కదా, తేడా తెలియాలని. పిల్ల రెండు నెలలుగా మాట్లాడటం లేదు. తింటుంది, పడుకుంటుంది, చెప్పిన పని చేస్తుంది, పిలిస్తే తిరిగి చూస్తుంది. నోరు మాత్రం విప్పదు. డాక్టరమ్మ గొంతు చూసింది, చెవులు చూసింది, నాలుక పట్టి చూసింది. "అంతా బాగుంది. నాలుక మీద చిన్న పుట్టుమచ్చ ఉంది, దానివల్ల ఏమీ కాదు" అని కాగితం మీద రాసి నాకిచ్చింది. పుట్టుమచ్చ నాకు అక్కరలేని సంగతనిపించి ఆ కాగితం మడిచి పక్కన పెట్టేశాను. అది నా మొదటి తెలివితక్కువతనం. లెక్కపెట్టుకోదలిచినవాళ్ళు ఇక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

ముసలవ్వ బండి దిగకుండానే గడువు పెట్టింది.

"ఇగో సూడు బిడ్డా, దయ్యమన్నరు, గాలన్నరు, అన్నీ సూపెట్టినం. అమాస దాక మీ దవాఖాన సూస్త. అప్పటికి మాట రాకపోతె ఏర్గట్ల దిక్కుకెళ్లి వాతలు పెట్టెటాయన ఒస్తడు. పసుపుకొమ్ము కాల్చి నాలిక మీద ఒక్కటంటె ఒక్క వాత. గంతే."

"నాలుక మీదనా!" అన్నాను నేను.

"మరి మాట కాలుకెళ్లి ఒస్తదా?"

ఆ ముసలవ్వతో నా పరిచయమంతా అలాగే నడిచింది. ఆమె బండిలో వెనక్కి వెళ్ళిపోయింది. పిల్లా, బాపూ దవాఖాన ఆవరణలోని రేకుల కొట్టంలో దిగారు. అమావాస్యకు పద్నాలుగు రోజులు.

పిల్ల నా గదిలోకి వచ్చి, చాప మీద కూర్చుని, మన్ను తీసుకుని ఎద్దును చేసింది. మంచి ఎద్దు. దాన్ని పక్కకు పడుకోబెట్టింది. మర్నాడు ఇంకో ఎద్దును చేసి అలాగే పడుకోబెట్టింది. మూడోనాటికి ఆరు ఎడ్లు వరసగా పడుకున్నాయి. ఇంత కన్నా విప్పి ఏ పిల్ల చెబుతుంది? నేను మాత్రం ట్రంకుపెట్టె అడుగు నుంచి పుస్తకం తీశాను. అందులో ఉంది: పిల్లలు మాట మానేయడానికి తరచుగా తండ్రి భయం కారణమని. తల ఎత్తి కిటికీలోంచి చూద్దును కదా, పిల్ల బాపు! ఆరడుగుల మనిషి, తాటిపీచు మీసాలు, ఎర్రటి కళ్ళు. పుస్తకంలో బొమ్మ వేసి ఉంటే ఇలాగే వేసేవారనిపించింది. ఆ కళ్ళు బెల్లం వండే పొయ్యిల పొగకు ఎర్రబడ్డాయని నాకెవరు చెప్పాలి?

వరండాలో పదిమంది చూస్తుండగా ఆయన్ను నిలబెట్టి అరగంట తిట్టాను. పసిపిల్లల మీద చెయ్యి చేసుకునే మగవాళ్ళ గురించి, చెరుకు తోటలను చూసుకున్నంత శ్రద్ధగా పిల్లలను చూసుకోని రైతుల గురించి, ఇంగ్లీషులో రెండు వాక్యాలతో సహా. ఆయన తలపాగా చేతిలో పట్టుకుని అంతా విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అన్నాడు:

"అయిపాయెనా అమ్మా? ఇంక ఉంటె రేపు తిట్టురి. పిల్ల ఆకలిగొన్నది, బువ్వ చల్లగైతున్నది."

వెళ్ళి, తను వండిన అన్నం చిన్న చిన్న ముద్దలు చేసి పిల్ల నోట్లో పెట్టాడు. తర్వాత దువ్వెన తీసుకుని, ఆ పెద్ద వేళ్ళతో, చిక్కు లాగకుండా తల దువ్వి జడ వేశాడు. జడ వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ వేశాడు.

మందుల కిటికీలోంచి గడ్డం బయటికొచ్చింది. "గీయననేనా అమ్మా, మీరు తిట్టిన రాక్షసుడు, జాలిమ్?"

ఇక్కడ చదువుకునే పిల్లలకు ఒక మాట. పుస్తకం తప్పు కాదు. పుస్తకంలో ఉన్న తండ్రి మన ఊళ్ళో ఉండకపోవచ్చు, అంతే. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు ఒక మంచి మనిషి పరువు ఖర్చయింది. తిట్టింది వరండాలో, క్షమాపణ చెప్పింది కొట్టం వెనక. అది కూడా రాసి పెట్టుకోండి.

వారం గడిచింది. నాకూ కాంపౌండర్ సాబ్‌కూ పాత తగాదా ఒకటి ఉంది. నా పిల్లలు ఆడుకునే మట్టి బండ్లకు చక్రాలు కావాలి. ఆయన సీసాల బిరడాలు చక్రాలకు భలే కుదురుతాయి. ఆ రోజు ఆయన మూత లేని సీసా ఒకటి చేత్తో పట్టుకుని, అందులో దగ్గు మందు ఒలకకుండా వంగి నడుస్తూ నా గదిలోకి వచ్చాడు.

"నా బిరడాలు నాకియ్యిరి! ఇది దవాఖాననా, బొమ్మల దుకానమా?"

నేను ఏదో అన్నాను. ఆయన ఇంకేదో అన్నాడు. ముచ్చట్లు చెప్పి ఎవరికైనా జ్వరం తగ్గిందా అన్నాడు. నాకు మండింది.

"మీ గడ్డానికి నిప్పంటుకోను!" అన్నాను.

అంతే. మూల కూర్చున్న పిల్ల ఒక్క గెంతున లేచి, మన్ను చేతులు రెండూ నా నోటికి అడ్డంపెట్టి నొక్కేసింది. మన్ను పళ్ళ మధ్యకు పోయింది. పిల్ల మాత్రం నా వైపు చూడటం లేదు. గుడ్లు పెద్దవి చేసుకుని కాంపౌండర్ సాబ్ గడ్డం వంక చూస్తోంది. ఆ గడ్డం ఏ క్షణాన భగ్గుమంటుందోనని దాని భయం.

"మూడేండ్ల సంది గీ పని చేద్దామని మేమందరం అనుకుంటున్నం" అన్నాడు ఆయన తేరుకుని. "ఎవ్వనికి హిమ్మత్ కాలే. శాబాష్ బేటీ!"

ఆ మధ్యాహ్నం పిల్ల బాపు దగ్గర కూర్చుని, ఈసారి తిట్టకుండా, అడిగాను. ఆయన మెల్లగా చెప్పాడు. గానుగ ఆడే కాలం. తెల్లవారకముందే పిల్లను లేపి, చెరుకు గానుగ చుట్టూ ఎద్దును తోలమనేవారు. ఒక రోజు అవతల కడాయి దగ్గర మిగతా పిల్లలు వేడి వేడి బెల్లం ఆకుల్లో పెట్టుకుని నాకుతున్నారు. దీనికి కడుపు మండి ఎద్దుతో అంది: "నువ్ సచ్చిపోతె నేను గూడ పోయి బెల్లం తింట." మర్నాడు తెల్లారి చూస్తే ఎద్దు కొట్టంలో నిజంగానే చచ్చి పడుంది. ముసలవ్వ నెత్తీ నోరూ కొట్టుకుని, పిల్ల దవడ పట్టి నోరు తెరిపించి, నాలుక మీది మచ్చ చూసి, గానుగ దగ్గర అందరి ముందూ అరిచింది: "మచ్చ నాలికె! ఏదంటె అదైతది, ఇంక ఎవ్వల్ని మింగుతవే!"

"మరి ఈ సంగతి వచ్చిన రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"మా అవ్వ రోజుకు పదిమందిని గట్లనె అంటదమ్మా. అన్నది, మర్షిపోయింది. నేను గూడ మర్షిపోయిన."

అన్నవాళ్ళు మరిచిపోయారు. విన్న పిల్ల మరిచిపోలేదు. దాని నాలుక మీద చావు కూర్చుని ఉంది. అందుకే తలుపు వేసుకుంది.

కారణం దొరికిందిగా, ఇక నా అంత మొనగత్తె లేదనుకున్నాను. మర్నాడు పొద్దున్నే పిల్ల నాకంటే ముందు మందుల కిటికీ దగ్గర ఉంది, గడ్డం ఉందో లేదో చూసుకోవడానికి. ఉంది. మూడో రోజూ ఉంది. నేను పిల్లను కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. "చూశావా? నేను అన్నాను, కాలిందా? కాలలేదు. మాట గాలి తల్లీ. గాలికి గడ్డం కాలదు, ఎద్దు చావదు." పిల్ల శ్రద్ధగా విన్నది. తర్వాత తన నాలుక చాపి వేలితో మచ్చ చూపించింది. నన్ను నోరు తెరవమని సైగ చేసింది. నా నాలుక చివర పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, అచ్చం డాక్టరమ్మలా చూసి, పెదవి విరిచింది. నీ నాలుకకు మచ్చ లేదు, అది ఊరికే వాగే నాలుక, దాని సంగతి వేరు అని దాని అర్థం. ఆ తర్కంలో లోపం చూపించడం నా వల్ల కాలేదు.

అయితే ఆ మచ్చ నాలుకతో పిల్ల తనే ఒక మాట అని చూడాలి. డాక్టరమ్మతో చెప్పాను. "తొందరపడకు" అంది. అమావాస్య నాలుగు రోజుల్లోకి వచ్చింది, పసుపుకొమ్ము నా కళ్ళ ముందు ఎర్రగా కనిపిస్తోంది, తొందరపడక ఏం చేయను? రెండు రోజులు పిల్ల వెంటపడ్డాను. నన్ను ఏదైనా అను, ఏమీ కాదు, నేను చూపిస్తాను. మూడో రోజు బేరానికి దిగాను. "గొంతు వద్దు. పెదవులు కదిపితే చాలు. 'ముచ్చట్లమ్మ పడిపోతది' అను." పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా పోరు పడలేక, కళ్ళు గట్టిగా మూసుకుని, చప్పుడు లేకుండా పెదవులు కదిపింది.

నేను వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను, చేతులు ఊపుకుంటూ. రోగులంతా చూస్తున్నారు. చివరకు వెళ్ళి పిల్ల వైపు తిరిగి, "చూశావా? పడ్డానా?" అని గెలుపుగా ఒక అడుగు వేశాను. ఆ అడుగు కింద ఎవరో నమిలి ఉమ్మిన చెరుకు పిప్పి ఉంది.

నేను పడిన చప్పుడుకు ఆపరేషన్ గదిలోంచి కూడా మనుషులు వచ్చారట. ఎడమ చీలమండ బూరెలా పొంగింది. ఆ పిప్పి ఎవరు ఉమ్మారో ఇప్పటికీ తేలలేదు. నా అనుమానం కాంపౌండర్ సాబ్ మీదే. ఆయనకు చెరుకు నమిలే పళ్ళు లేవన్న సంగతి నా అనుమానాన్ని ఏమాత్రం తగ్గించలేదు. నా కాలికి కట్టు కట్టిందీ ఆయనే.

"గుడ్డ ఇంక మిగిలింది. నోటికి గూడ కట్టమంటరా?" అన్నాడు.

నవ్వుదామనుకున్నాను. అంతలో పిల్ల కనిపించింది. మిగిలిన ఆ గుడ్డను తనే తీసుకుని, తన నోటికి కట్టుకుని, తల వెనక ముడి వేసుకుంటోంది. రెండు ముళ్ళు. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నీ ఒక ఎత్తు, ఆ రెండు ముళ్ళు ఒక ఎత్తు. రెండు వారాల కింద పిల్ల మాట్లాడదు, అంతే. ఇప్పుడు నోటికి కట్టు కూడా నేనే ఏర్పాటు చేశాను.

ఈ వార్త చెరుకు బండ్ల మీద ఎక్కి నాకంటే వేగంగా బోధన్ దారి పట్టింది. మర్నాడు, అమావాస్యకు ముందు రోజు, ముసలవ్వ దిగింది. మచ్చ నాలుక మాట ఆమెకు ఇప్పుడు బాగా గుర్తొచ్చింది. నేను వరండాలో కుర్చీలో, కాలు ముక్కాలిపీట మీద. అడ్డం పడదామన్నా లేవలేను. ఉన్నది నోరొక్కటే.

"ముసలవ్వా, ఆ ఎద్దు ఏదో రోగం వచ్చి చచ్చింది."

"నువ్ జూసినవా?"

"చూడలేదు."

"మల్ల?"

"మాటకు అంత బలం ఉండదు ముసలవ్వా!"

"లేకపోతె పొద్దటి సంది నువ్ మాట్లాడుడు దేనికి?"

"నేను చదువుకున్నదాన్ని, చెబుతున్నా విను."

"గంత సదువుకున్నమ్మకు కింద సూసి నడుసుడు రాకపాయె!"

వరండాలో నవ్వులు. మద్రాసు డిబేటింగ్ క్లబ్బులో నాకు బహుమతి వచ్చింది. ఆ రోజు ఈ ముసలవ్వ అక్కడ లేకపోబట్టి వచ్చింది. ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని బండి వైపు లాగుతోంది. బాపు తల వంచుకుని నిలబడ్డాడు. పిల్ల ఏడవటం లేదు. కాల్పించుకోవడానికి తనే నడుస్తోంది, అది చూడలేకపోయాను.

అప్పుడు మందుల కిటికీ మూసి, కాంపౌండర్ సాబ్ బయటికి వచ్చాడు.

"ముసలవ్వా, జర ఆగు. నీ ఇంట్ల కత్తి ఉన్నదా?"

"ఉన్నది. ఏ?"

"ఎన్నడన్న వేలు తెగిందా?"

"తెగకుంటదా?"

"మరి గా కత్తిని పొయ్యిల వెట్టి కరగపెట్టినవా?"

"ఎందుకు కరగపెడత? కూర కోసుకోవద్దా?"

"నాలిక గూడ గంతే గద. చెడ్డ మాట నిజమైతే, మంచి మాట గూడ ఖరా కావాలె. వాత పెట్టినవంటె రెండూ పాయె. నీ ఇష్టం."

అయిదారు రోజులుగా మాటకు బలం లేదు, లేదు, లేదు అని నేను కాళ్ళు విరగ్గొట్టుకుంటుంటే, ఈయన ఉందని సాక్ష్యం చెబుతున్నాడు! ఖండిద్దామని నోరు తెరిచాను. గుమ్మంలో నిలబడ్డ డాక్టరమ్మ నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. మూసుకున్నాను.

ముసలవ్వ ఆగింది. ఆమె ముఖంలో లెక్కలు కదిలాయి.

"కోడలికి నెలలు నిండినయి. తల్లిగారింట్ల, మోస్రల ఉన్నది" అంది మెల్లగా. "మనుమడు పుడతడని అనుమను. పుట్టిండంటె వాతా లేదు, ఏం లేదు. నాలికెకు నెయ్యి రాస్త."

అందరం పిల్ల వైపు తిరిగాం. పిల్ల తల వెనక్కి చేతులు పెట్టి మొదటి ముడి విప్పింది. రెండోది విప్పింది. పెదవులు తడుపుకుంది.

"తమ్ముడు" అంది. నూనె లేని గానుగలా కీచుమంది గొంతు. దగ్గి మళ్ళీ అంది: "తమ్ముడు పుడతడు."

బాపు ఉన్నచోటే చతికిలబడి తలపాగా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ముసలవ్వ మాత్రం, సరుకు ముట్టిందన్నట్టు తల ఊపి, బండిలోంచి తన మూట దింపించింది. నేను చేతులు చాచాను. పిల్ల నా దగ్గరకు వచ్చింది. మెచ్చుకుందామనుకుంటున్నాను. అది నా చెవికి నోరు ఆనించి ఒక మాట చెప్పింది.

"మా అవ్వను మల్ల రాకు అన్న."

ముందు అర్థం కాలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పింది. అవ్వ, అంటే తల్లి, కానుపుకు పుట్టింటి బండెక్కిన రోజు, నేనూ వస్తానని ఇది పట్టుబట్టింది. అవ్వ వద్దంది. కోపంతో బండి వెనక పరిగెత్తి, "పో! మల్ల రాకు!" అని అరిచింది. అది జరిగిన రెండు రోజులకు ఎద్దు చచ్చింది. అంటే నాలుక పని చేస్తుంది. అంటే అవ్వ ఇక రాదు.

కుంటుకుంటూ వెళ్ళి డాక్టరమ్మతో చెప్పాను. ఆమె నాతో అంత పొడుగు మాట అంతకు ముందెప్పుడూ మాట్లాడలేదు.

"రెండు వారాలుగా తండ్రి గురించి అడిగావు. తల్లి ఎక్కడుందని ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. పుస్తకంలో తల్లి గురించి వేరే అధ్యాయం. అక్కడిదాకా నేను వెళ్ళలేదు.

"కానుపులో ఆ తల్లికేమైనా అయిందనుకో," అంది డాక్టరమ్మ, "ఈ పిల్ల జన్మలో నోరు తెరవదు." తర్వాత మళ్ళీ మామూలు మనిషైంది. "తల్లిని తెండి."

"తల్లిగారింట్ల కానుపు ఇడిసిపెట్టి దవాఖానలనా? లోకులేమంటరు?" అని ముసలవ్వ లేచింది. ఆమె అడుగుతూనే ఉంది, పిల్ల బాపు ఏమీ అనకుండా ఎడ్లను కట్టాడు. ఆమె ఇంకా అడుగుతూనే ఉంది, బండి గేటు దాటింది. ఆ ఇంట్లో మాటకంటే ముందు పని నడిపే మనిషి ఆయనొక్కడే. నేను జాలిమ్ అని ముద్ర వేసింది ఆయనకే.

మర్నాడు అమావాస్య. వాతలు పెట్టే ఆయన పల్లెకు వచ్చి, ఇంట్లో ఎవరూ లేక తిరిగి వెళ్ళిపోయాడట. ఆ మర్నాడు మధ్యాహ్నం బండి వచ్చింది. పిల్ల నా కుర్చీ వెనక నక్కింది. గడ్డి మీద పరిచిన బొంతలోంచి, వాచిన కాళ్ళతో, నడుము పట్టుకుని తల్లి దిగింది.

"ఏదే నా బిడ్డ?"

కుర్చీ వెనక నుంచి సగం ముఖం బయటికి వచ్చింది. "ఒచ్చినవా?"

"రాక ఏడికి వోత?"

"నేను మల్ల రాకన్న గద."

"అంటె? దినాం నువ్ లక్ష అంటవ్. అన్ని ఇనుకుంట కూసుంటనా నేను?"

పిల్ల పరిగెత్తి వెళ్ళి తల్లి పొట్టకు చెవి ఆనించి నిలబడిపోయింది. అంత మాత్రాన భయం తీరిపోయిందని మీరు అనుకుంటే, నేనూ అనుకున్నాను. తీరలేదు. ఆ తర్వాత నాలుగు రోజులూ ఆచితూచి మాట్లాడింది. "నీళ్ళు." "బువ్వ." "ఆ." ప్రమాదం లేని మాటలు. అవ్వ ప్రసవించేదాకా నాలుకను పొదుపుగా వాడుకుంటోంది.

అయిదో రోజు పొద్దున నొప్పులు మొదలయ్యాయి. లోపల డాక్టరమ్మ. బయట బల్ల మీద నేనూ ముసలవ్వా, మధ్యలో పిల్ల. జిల్లాలోకెల్లా పెద్ద నోళ్ళు రెండు ఒకే బల్ల మీద ఒక్క మాట లేకుండా కూర్చోవడం చూడటానికి ఆయాలు వంతులవారీగా వచ్చి వెళ్ళారు. లోపలి నుంచి అరుపు వినిపించినప్పుడల్లా పిల్ల నా వేళ్ళు నలిపేసేది. ఎండ వరండా గడప ఎక్కింది, దిగింది. ముసలవ్వ నడుముకు దోపుకున్న తమలపాకుల సంచీ తీసింది, తెరవకుండానే మళ్ళీ పెట్టేసుకుంది. ఆమెకూ భయమేనని అప్పుడు అర్థమైంది.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటోంది.

"ఇద్దరూ క్షేమం."

"మనుమడేనా?"

"ఆడపిల్ల."

ముసలవ్వ లేచి నిలబడింది. మనుమరాలి వైపు తిరిగింది. నేను పిల్లను దగ్గరికి లాక్కున్నాను. ఇక తిట్ల వానే అనుకున్నాను.

"థూ! గిదేం నాలికెనే నీది! తమ్ముడంటివి, సెల్లెను తెస్తివి! మచ్చ లేదు, మన్ను లేదు. దీన్ని నమ్ముకొని నేను బొంతలు గూడ కుట్టిస్తి. ఎందుకు పనికొస్తదే గీ నాలికె?"

పిల్ల లేచి ఆమె ముందుకు వెళ్ళింది. ముఖం పైకెత్తి, చాలా ఖచ్చితంగా, ఒక దస్తావేజు రాయించుకుంటున్నట్టు అడిగింది:

"నిజంగనా ముసలవ్వా? నా నాలికె దేనికి పనికిరాదా?"

"ఉప్పు కారం సూసుడుకు తప్ప దేనికి పనికిరాదు!"

"ఎద్దును సంపనీకి?"

"ఈగను సంపనీకి గూడ పనికిరాదు, పో!"

పిల్ల నవ్వింది. ముందు చిన్నగా, తర్వాత వంగిపోయి, తర్వాత వరండా రాళ్ళ మీద కూర్చుని. నేను పది రోజులుగా నలభై రకాలుగా చెప్పిన సంగతి ఇదే. అయితే నేను ముద్దు చేస్తూ చెప్పాను. తాళం వేసినామె వచ్చి తిట్టి తీస్తే గానీ అది రాలేదు. ముసలవ్వ ఇంకా తిడుతూనే లోపలికి వెళ్ళింది. నేను చూసేసరికి కొత్త మనుమరాలిని ఒళ్ళో వేసుకుని, "నువ్వన్న సక్కగ మాట్లాడు తల్లీ, మీ అక్క లెక్క అబద్ధాలు ఆడకు" అని బుద్ధి చెబుతోంది.

ఆ మధ్యాహ్నం పిల్ల తల్లి మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టింది. రెండు నెలల మాటలు. గానుగ సంగతి, నా గది సంగతి, బాపు వేసిన వంకర జడల సంగతి. ఎద్దు దగ్గరకు వచ్చి ఒక్కసారి ఆగింది.

"అవ్వా, ఎద్దు నేనన్న మాటకు సచ్చిపోయింది."

"గది ముసలిదైపాయె బిడ్డా," అంది తల్లి కళ్ళు మూసుకునే. "పోయినేడే పోవల్సింది. మీ బాపు మందు వోసి మందు వోసి నిలవెట్టిండు. అడుగు మీ బాపును."

ఇంతకంటే మంచి సందర్భం నాకు దొరకదు. మాటకూ చావుకూ సంబంధం లేదని, పెద్దలు కోపంలో అన్నవి పిల్లలు మోయనక్కరలేదని, ఒక చక్కటి ప్రసంగం అప్పటికే మనసులో వరుసపెట్టుకుని ఉన్నాను. కర్ర ఊతంతో ముందుకు వంగి, గొంతు సవరించుకుని, "చూశావా తల్లీ, అందుకే నేను మొదటినుంచీ..." అన్నాను.

పిల్ల నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"నువ్ జరసేపు ఊకో అమ్మా. నేను మా అవ్వకు చెప్తున్న."

ఊరుకున్నాను. కర్ర పట్టుకుని వరండాలోకి వచ్చి కూర్చున్నాను. మందుల కిటికీలోంచి కాంపౌండర్ సాబ్ లోపల ఏమైందని అడిగాడు. నేను పలకలేదు. మళ్ళీ అడిగాడు. పలకలేదు. ఆయన నా ముఖంలోకి ఒక నిమిషం చూసి, భయపడిపోయి, డాక్టరమ్మను పిలవడానికి పరిగెత్తాడు.